వదులుగా కట్టిన వల

బస్సు తలుపు తెరుచుకోగానే ఆరో తరగతి పిల్లల చేతులన్నీ ఒక్కసారిగా ముక్కుల మీదికి వెళ్ళాయి.

"ఏటిరా బాబూ ఈ కంపు!" అన్నాడు గోవింద్, చొక్కా కాలరు ముక్కు దాకా లాక్కుంటూ.

నీలవేణి మాత్రం ముక్కు మూసుకోలేదు. గుండెల నిండా గాలి పీల్చి, "కంపేటి? సేపల వాసన. మా వీధిలో రోజూ ఇదే కదా" అంది.

"నీకలవాటే. సేపల నీలవేణివి!"

"అవును. అయితే ఏటి?"

ఆ పేరంటే నీలవేణికి కోపం రాదు. వాళ్ళది సముద్రం ఒడ్డు ఇల్లు. నాన్న ఎర్రన్న పడవ మీద వేటకి వెళ్తాడు. అమ్మ చేపలు అమ్ముతుంది. నాయనమ్మ దేముడమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని పొద్దస్తమానం వలలు బాగుచేస్తుంది. ఆవిడ పక్కన కూర్చుని కూర్చుని నీలవేణి కూడా వల కట్టడం, విప్పడం, చిరుగులు అల్లడం అన్నీ నేర్చేసుకుంది. లెక్కల్లో ఫస్టు ఎవరో గాని, ముడి వెయ్యడంలో మాత్రం క్లాసులో నీలవేణి తర్వాతే ఎవరైనా. ఆ సంగతి అందరికంటే ఎక్కువ నీలవేణికే తెలుసు. అదిగో, అక్కడే వచ్చింది తంటా!

జగన్నాధం మాస్టారు అందరికంటే ముందు దిగి, పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు.

"ఇక్కణ్ణించి గుసగుసలే. ఎవరూ అరవకూడదు, పరిగెత్తకూడదు. ఏ వస్తువునీ ముట్టుకోకూడదు. ఇది జూ కాదు. మనం ఈ ఊరికి చుట్టాలుగా వచ్చాం. చుట్టాల్లాగే ఉండాలి. సరేనా?"

"సరే సార్!" అని అందరూ గట్టిగా అరిచారు. మాస్టారు నుదురు కొట్టుకున్నారు.

ఆ ఊరి పేరు కొంగలవలస. టెక్కలి దాటాక రోడ్డు దిగి చాలాసేపు లోపలికి వెళ్తే వస్తుంది. ఊరి చుట్టూ తంపర. అంటే వాన నీళ్ళూ, సముద్రపు ఉప్పునీళ్ళూ కలిసి నిలిచిపోయే బురద నేల. చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి నీటిపక్షులో ఆ తంపర కోసం వచ్చి, ఈ ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెడతాయి. డిసెంబరు నెల కదా, ఇప్పుడు గూళ్ళ నిండా పిల్లలే.

పిల్లలు తలలెత్తి చూశారు. చూసి, ముక్కులు మూసుకోవడం మర్చిపోయారు.

ఇళ్ళ వెనక పెద్ద పెద్ద చింతచెట్లు. కొమ్మ కొమ్మకీ గూళ్ళు. గూడు గూడులోనూ సంచుల్లాంటి గొంతులు వేలాడేసుకున్న తెల్లటి గూడబాతులు. పక్క కొమ్మల మీద పొడుగు కాళ్ళ కొంగలు, తోక దగ్గర గులాబీ రంగు పూసుకుని. ఒకటి వస్తుంటే ఒకటి పోతుంటే, పైనంతా పెళ్ళివారి విడిదిలా ఉంది.

ఓ ఇంటి దడి తలుపు తీసుకుని ముసలమ్మ ఒకామె బయటికి వచ్చింది. ఆమె పేరు లక్ష్మణమ్మ. ఊళ్ళో అందరికంటే ఎక్కువ గూళ్ళు వాళ్ళ పెరట్లోనే ఉన్నాయి.

"రండి నాయనా, రండి. మెల్లగ రండి. మా ఆడపిల్లలు పురిటికొచ్చినారు" అంది గొంతు తగ్గించి.

గోవింద్ ఇంటి లోపలికి తొంగి చూశాడు. అక్కడ ఎవరూ కనిపించలేదు. "ఎక్కడున్నారు మామ్మా?" అని గుసగుసగా అడిగాడు.

లక్ష్మణమ్మ పైకి చూపించింది. "అదిగో! ఈలే మా ఆడపిల్లలు. ఏటేటా పుట్టింటికొచ్చి, పిల్లల్ని కని, రెక్కలొచ్చినాక తీసుకుపోతారు. ఈలున్నన్నాళ్ళూ మేము టపాకాయలు కాల్సం. మా మనవడి పెళ్ళికి బాజాలు ఊరవతలే ఆపేసినాం. పురిటి మంచం దగ్గర ఎవలైనా డప్పు కొడతారేటి?"

పిల్లలకి నవ్వొచ్చింది. నవ్వు కూడా గుసగుసగానే నవ్వారు.

మాస్టారు అందర్నీ వరసగా నిలబెట్టి, పెరటి దారిలోంచి తంపర గట్టు వైపు నడిపించారు. నీలవేణి వరసలో అందరికంటే వెనక ఉంది. పెరడు దాటుతుండగా ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

చింతచెట్టు కింద నాలుగు వెదురు గుంజలకి ఒక వల కట్టి ఉంది.

నీలవేణి దాన్ని చూసి, "ఓలమ్మో!" అనుకుంది.

అదేం కట్టడం! నాలుగు మూలలూ వదులు. మధ్యలో వల పాత నులకమంచంలా కిందికి దిగిపోయి ఉంది. దేముడమ్మ చూసిందంటే ఊరుకుంటుందా? "ఏ ఎదవ కట్టినాడే ఇది!" అని వీధి వీధంతా వినబడేలా తిట్టదూ! వల ఆరేశారంటే బిగించి కట్టాలి. వదులుగా ఉంటే గాలికి చుట్టుకుపోయి, చిక్కుపడి, చివరికి చిరుగుతుంది. ఈ సంగతి వాళ్ళ వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

'పాపం, ఈళ్ళు పొలం పని చేసుకునేవాళ్ళు కదా. తంపరలో నాలుగు చేపలు పట్టుకుని, వల ఇలా ఆరేసుంటారు. కట్టడం రాదు' అనుకుంది.

ఏదీ ముట్టుకోవద్దని మాస్టారు చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. కానీ అది పాడుచేసే వాళ్ళకి కదా! తను బాగుచేస్తుంది. బాగుచేస్తే ఎవరైనా ఏమంటారు?

ఇంకేముంది, నీలవేణి చేతులు పనిలోకి దిగిపోయాయి. ఒక్కో గుంజ దగ్గరా పాత ముడి విప్పి, తాడు గట్టిగా లాగి, గుంజకి చుట్టి, నాయనమ్మ నేర్పిన ముడి వేసింది. అది లాగేకొద్దీ బిగిసే ముడి. నాలుగో మూల కూడా అయ్యాక వేలితో వలని మీటింది. టంగుమంది.

"అదీ వలంటే!" అనుకుని, చేతులు గౌనుకి తుడుచుకుని, గబగబా నడిచి వరసలో కలిసిపోయింది. ఎవరూ చూడలేదు.

గట్టు మీద నిలబడితే కంటి చివర దాకా తంపరే. దూరంగా ఉప్పు మడులు ఎండకి తళతళలాడుతున్నాయి. నీళ్ళలో గూడబాతులు గుంపుగా ఈదుతూ, అన్నీ కలిసి ఒకేసారి ముక్కులు ముంచుతున్నాయి. మాస్టారు తెచ్చిన బైనాక్యులర్ చేతులు మారి మారి నీలవేణికి వచ్చింది. అందులోంచి చూస్తే ఒక గూడబాతు నోరు తెరిచి, గొంతు సంచీలోకి నీళ్ళు నింపుకుని, నీళ్ళు ఒంపేసి, చేపని మింగేసింది.

"సార్! దానికి మూతి కిందే వలుంది సార్!" అంది నీలవేణి.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "భలే చెప్పావు! నేను పుస్తకంలో ఇంత బాగా చదవలేదు."

నీలవేణి ఇంకొంచెం పొడుగయినట్టు నిలబడింది. ఈ రోజు తనదే. అక్కడ ఆ వల బాగుచేసింది, ఇక్కడ ఈ మాట చెప్పింది. సాయంత్రం ఇంటికెళ్ళి నాయనమ్మకి రెండూ చెప్పాలి.

కాసేపటికి అందరూ గట్టు మీద ఈతచెట్ల నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. లక్ష్మణమ్మ మజ్జిగ కుండ చంకన పెట్టుకుని వచ్చి, గ్లాసుల్లో పోసి ఇచ్చింది.

"మామ్మా, ఇక్కడ రొయ్యల సెరువులు తవ్వలేదేటి? మా వైపంతా అవే" అన్నాడు గోవింద్. వాళ్ళ నాన్న వరి పండిస్తాడు. పక్క పొలాలు రొయ్యల చెరువులైపోయి, ఉప్పునీరు తమ మడిలోకి ఊరుతోందని ఇంట్లో రోజూ గొడవ.

"సెరువులేసేవోలు అడగొచ్చినారు బాబూ. ఊరంతా కూకొని మాటాడుకున్నాం. తంపర తవ్వేస్తే సేపలుండవు. సేప నేకపోతే ఈలేటి తింటారు, పిల్లలకేటి పెడతారు? పుట్టింట్లో పొయ్యి ఆర్పేసి, ఆడపిల్లని రమ్మంటే వస్తాదేటి? వద్దనేసినాం. ఈల రెట్టతో మా పొలాలకి బలం కూడాను."

"మరి సెట్ల కింద వలలెందుకు కట్టినారు? పిట్టల్ని పట్టడానికా?" అని అడిగాడు గోవింద్, అల్లరిగా.

నీలవేణి ముద్ద నోట్లో పెట్టుకుంటూ నవ్వింది. 'ఆరేసుకోవడానికిరా మొద్దూ' అనబోయింది.

"అయ్యో, పట్టడానికి కాదు నాయనా, పట్టుకోడానికి" అంది లక్ష్మణమ్మ. "గూట్లో పిల్లలు తిండి కోసం తోసుకుంటాయి. రెక్కలు నేవు కదా, ఒకోటి జారి కింద పడిపోద్ది. ఎన్ని సచ్చిపోనాయో! సూడలేకపోయేవాళ్ళం. అందుకని వలలు కట్టినాం. మొదటేడు మాకేటి తెల్సు? డోలులాగ బిగించి కట్టినాం. పిల్ల పడింది. పడి, బంతిలాగ ఎగిరి, అవతల రాళ్ళ మీద పడింది. మెడ ఇరిగిపోనాది."

లక్ష్మణమ్మ ఇంకో గ్లాసులో మజ్జిగ పోసి గోవింద్‌కి అందించింది.

"ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. కాపాడదామని కట్టి, మనమే సంపేసినట్టయింది కదా. అప్పట్నించీ వదులుగ కడతన్నాం. పిల్ల పడితే ఉయ్యాల్లో పడ్డట్టు మెత్తగ దిగాల."

నీలవేణి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే సిగ్గు. చెవుల్లో టంగుమని వల మోగింది.

"ఇప్పుడు కూడా పడతాయా మామ్మా?" అని ఎవరో అడిగారు.

"ఇదిగో, ఇదే ఏళ. తల్లులు తంపర నించి సేపలు మింగి ఇంటికొస్తాయి. పిల్లలు ఎగబడతాయి. పడితే ఇప్పుడే."

నీలవేణి తలెత్తి చూసింది. గూడబాతులు తంపర మీంచి లేచి, బరువుగా రెక్కలు కొట్టుకుంటూ చింతచెట్ల వైపు వెళ్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి. దేవుడా!

ఎవరికీ తెలియకుండా వెళ్ళి, గబగబా ముళ్ళు విప్పేసి వచ్చేస్తే? అప్పుడు చెప్పక్కర్లేదు. తిట్లుండవు. గోవింద్ నవ్వడు. నీలవేణి లేచి నిలబడింది.

"సార్, నీళ్ళు తాగొస్తాను సార్."

"మజ్జిగుంది కదమ్మా, తాగు."

"చేతులు కడుక్కోవాలి సార్."

"తిన్నాక అందరం కలిసే వెళ్దాం. కూర్చో."

నీలవేణి కూర్చుంది. కూర్చుందే గాని, కింద ముళ్ళున్నట్టే ఉంది. చెప్పేస్తే? చేపల వాళ్ళ పిల్ల అయ్యుండి వల పాడుచేసిందంటారు. మాస్టారు ముట్టుకోవద్దన్నది ముట్టుకుంది. ఇప్పుడే కదా భలే అన్నారు, ఆ నోటితోనే ఏమంటారో! చెప్పకపోతే? చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఒక పిల్ల మెడ విరిగితే, ఎందుకు విరిగిందో కూడా ఎవరికీ తెలీదు. తనకి తప్ప.

"సార్!" అంది. గొంతు గట్టిగా వచ్చేసింది. అందరూ తిరిగి చూశారు. "నేను బిగించేసినాను సార్! ఆ వల! వదులుగా ఉన్నాదని... ఆరేసినారనుకున్నాను సార్. నాలుగు పక్కలా బిగించి కట్టీసినాను." అంతవరకూ చెప్పి ఏడ్చేసింది.

మాస్టారి చేతిలో పొట్లం ఆగిపోయింది. లక్ష్మణమ్మ తిట్టలేదు. ఒక్క మాటే అడిగింది. "ఏ సెట్టు కింద?"

"పెరటి దారిలో... పెద్ద సెట్టు కింద."

లక్ష్మణమ్మ మజ్జిగ కుండ కింద పెట్టేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి లేచింది. "బేగి పదండి. పరిగెత్తకండి. అరిస్తే తల్లులు బెదిరి లెగుస్తాయి, లెగిస్తే పిల్లలు పడిపోతాయి. సప్పుడు సెయ్యకండి."

పరిగెత్తకుండా తొందరగా వెళ్ళడం ఎంత కష్టమో ఎప్పుడైనా చూశారా? క్లాసు క్లాసంతా చెప్పులు చేతిలో పట్టుకుని, పెదాలు బిగబట్టి, గట్టు మీద దొంగల్లా నడిచారు. ఎవరికో తుమ్మొస్తే పక్కవాడు ముక్కు నొక్కేశాడు. అందరికంటే ముందు నీలవేణి. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

చెట్టు కింద వల ఖాళీగా ఉంది. చుట్టూ నేల మీద కూడా ఏమీ లేదు. నీలవేణికి ఊపిరి కొంచెం అందింది. అప్పుడు మాస్టారు మెల్లగా పైకి చూపించారు.

ఓ గూటి అంచున ఒక పిల్ల వేలాడుతోంది. ఒళ్ళంతా తెల్లటి నూగు, తలకి మించిన ముక్కు. ఒక కాలు గూట్లో ఉంది, ఒకటి గాలిలో ఉంది. తల్లి నోట్లో చేప కోసం మిగతా రెండు పిల్లలూ ఎగబడుతుంటే, దీన్ని ఇంకా ఇంకా అంచుకి తోసేస్తున్నాయి.

లక్ష్మణమ్మ దగ్గరి గుంజ పట్టుకుని ముడి లాగింది. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. ఇంకా బిగిసింది.

"ఇదేటి ముడే తల్లీ! రాదేటి! ఒరే, కొడవలి తెండర్రా..."

"లాగకు మామ్మా! లాగితే బిగుసుకుపోద్ది. వెనక్కి తొయ్యాల!" అంది నీలవేణి గుసగుసగా. "కోస్తే మూలంతా ఊడి నేలకి పడిపోద్ది. నేనిప్పుతాను."

ఆ ముడి సంగతి అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. తాడు చివర వెనక్కి తోసింది. రాలేదు. కళ్ళలో నీళ్ళకి ముడే కనబడడం లేదు.

గోవింద్ వచ్చి గుంజని రెండు చేతులా పట్టుకున్నాడు, కదలకుండా. "నేను పట్టుకున్నాను. నువ్వు ఇప్పు. అవుద్ది, అవుద్ది" అన్నాడు. వెక్కిరించలేదు.

నీలవేణి మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ తోసింది. ముడి సడలింది. తాడు బారెడు వదిలి మళ్ళీ మెలేసింది. వల ఆ పక్కన కిందికి దిగింది. రెండో గుంజ దగ్గరికి వెళ్ళింది. అది తొందరగానే వచ్చింది. వల మధ్యలో జోలెలా అయింది. మూడో గుంజ మీద చెయ్యి వేసిందో లేదో, పైన రెక్కల చప్పుడు.

పిల్ల జారింది.

దబ్బుమని వల మీద పడింది. వల దానితోపాటే కిందికి దిగి, దిగి, నేలకి జానెడు ఎత్తులో ఆగింది. పిల్ల ఎగరలేదు. దొర్లి దొర్లి జోలె మధ్యలోకి వచ్చి పడింది.

కదల్లేదు.

నీలవేణి తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లక్ష్మణమ్మ మెల్లగా వంగి చూసింది. నీలవేణి కూడా దగ్గరికి వెళ్ళి ముఖం వంచింది.

పిల్ల మెడ ఎత్తింది. ఇటు చూసింది, అటు చూసింది. ఇంత నోరు తెరిచి, నీలవేణి గౌను మీద భళుక్కున కక్కింది. అరగని చేపలు, చేపల నీళ్ళు, అబ్బో, ఆ వాసన!

"అమ్మయ్య! కక్కిందా, బతికినట్టే!" అంది లక్ష్మణమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని. "బెదిరితే కక్కుతాయి. కక్కడానికి ఓపికున్నాదంటే దీనికేటీ కానట్టే."

గోవింద్ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడి నవ్వాడు. మిగతావాళ్ళూ అంతే. గట్టిగా నవ్వకూడదు కదా! నోళ్ళు మూసుకుని, భుజాలు ఊగిపోతూ, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మాస్టారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నీలవేణి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. గౌను నిండా చేపల కంపు. అంత హాయిగా నీలవేణికి ఎప్పుడూ అనిపించలేదు.

లక్ష్మణమ్మ గూడబాతు పిల్లని మెత్తగా ఎత్తి, గోనె పరిచిన గంపలో పెట్టింది. పెరట్లో దడి కట్టిన చోట అలాంటివే ఇంకో మూడు పిల్లలున్నాయి. రెక్కలొచ్చేదాకా ఊళ్ళోవాళ్ళు చేపలు తెచ్చి పెడతారట.

నీలవేణి మాస్టారి ముందుకి వెళ్ళి తల వంచుకుని నిలబడింది.

"ముట్టుకోవద్దని చెప్పానా?" అన్నారు మాస్టారు.

"సెప్పినారు సార్."

మాస్టారు ఇంకేదో అనబోయారు. ఆమె గౌను వైపు చూసి, జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. "ముందది తుడుచుకో. చెప్పేశావు, బతికించావు. లేకపోతే నేనేం చేసేవాణ్ణమ్మా?" అన్నారు.

లక్ష్మణమ్మ మిగిలిన గుంజల దగ్గర నిలబడి పిలిచింది. "ఇటు రాయే గుంటా. నీ ముడి మంచిదే. మా ఇంట్లో ఎవలకీ రాదిది. ఆ రెండు మూలలు కూడా నువ్వే కట్టు. ఇదిగో, సెయ్యి ఏస్తే మోసెయ్యి దాకా దిగాల. అంత వదులు."

నీలవేణి కట్టింది. లక్ష్మణమ్మ చెయ్యి వేసి చూసి, ఇంకా వదలమంది. వదిలింది. మళ్ళీ చూసి, చాలంది.

సాయంత్రం నాలుగు కాకుండానే బస్సు దగ్గరికి బయల్దేరారు. దారిలో చివరి ఇంటి పెరట్లో ఇంకో పెద్ద చెట్టు ఉంది. దాని కింద వల ఒక మూల గుంజ నుంచి పూర్తిగా జారిపోయి, తాడు నేల మీద పడి ఉంది.

గోవింద్ ముందు చూశాడు. "నీలవేణీ! అటు సూడు."

చూసింది. చేతులు దురద పెట్టాయి. ఎంతసేపు? ఒక్క ముడి. అటు నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. వెనక బస్సు డ్రైవరు హారన్ కొట్టబోయి, గుర్తొచ్చి, చెయ్యి ఊపుతున్నాడు.

నీలవేణి చెట్టు దగ్గరికి వెళ్ళలేదు. ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ! ఓ పిన్నీ!" అని మెల్లగా పిలిచింది.

చేటలో బియ్యం చెరుగుతున్న ఒకామె లేచి వచ్చింది. "ఏటమ్మా?"

"ఆ వల మూల అలగే ఉంచినారా? నేకపోతే ఊడిపోనాదా?"

ఆమె పెరట్లోకి తొంగి చూసి గుండె బాదుకుంది. "ఓలమ్మో! ఊడిపోనాది! పొద్దున గేద రాసుకున్నాది, దాని పనే ఇది. మా ఆయన పొలం ఎల్లినాడు. నాకా ముడి రాదు. నీకొచ్చేటి?"

"వచ్చు పిన్నీ."

నీలవేణి పెరట్లోకి వెళ్ళి తాడు చేతిలోకి తీసుకుంది. గుంజకి ఒక చుట్టు చుట్టింది. ఎంత వదలాలో ఇందాకే నేర్చుకుంది కదా, మోచెయ్యి దాకా. చెయ్యి ముడి వెయ్యబోయింది. ఆగింది. తలెత్తి గూళ్ళు చూసింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

"పిన్నీ, దీనికెంత వదులుండాల?"

"మా సెట్టు ఆ సెట్లన్నిటికంటే ఎత్తు కదమ్మా. పైనించి పడితే జోరుగా పడతాది. ఇంకా బాగా వదలాల. వల మజ్జిలో నీ మోకాలు దాకా ఏలాడాల."

నీలవేణి తాడు ఇంకో మూరెడు వదిలి, ముడి వేసింది.